నీళ్ల ట్యాంకు స్టాపు

ఉదయం తొమ్మిదిన్నరకి గుండె వార్డులోకి బండి వచ్చేది. మందుల బండి కాదు, అది ఎనిమిదికే వచ్చి వెళ్లిపోయేది. ఇది ట్యాబుల బండి. పై అరలో ఆరు ట్యాబులు పలకల్లా నిలబెట్టి ఉండేవి. కింది అరలో చెవుల్లో పెట్టుకునే తీగలు, దూది, స్పిరిట్ సీసా, అట్టకి బిగించిన కాగితాల కట్ట. బండి తోసుకొచ్చే నర్సు వయసులో చిన్నది, మాటలో నెమ్మది. ఆమెని వార్డంతా ట్యాబు సిస్టర్ అనేవాళ్లు.

ఆమె పని మరీ కష్టమైనదేమీ కాదు. ఒక్కో మంచం దగ్గర ఆగి, నిన్న ఎంత భయం వేసింది, ఎంత దిగులుగా ఉంది, సున్నా నుంచి పది లోపల చెప్పమని అడిగి రాసుకోవాలి. తర్వాత ఆ మనిషికి ఏది నప్పుతుందో చూసి ట్యాబులో అది పెట్టి చేతికివ్వాలి. సముద్రం, అడవి, చేపల తొట్టి, వాన, పియానో, రంగులు నింపే బొమ్మలు, ఇలా నలభై దాకా ఉండేవి. మనసు డాక్టరు పైవాళ్ల వెంటపడి తెప్పించిన ఏర్పాటు ఇది. మంచం మీద పడున్నవాళ్లకి దిగులు తగ్గితే నిద్రమాత్రలు తగ్గుతాయని ఆయన వాదన. తగ్గాయి కూడా.

వీటివల్ల వార్డులో కొంత పని పెరిగిన మాట నిజమే. రెండో మంచం ముసలామె సముద్రం చూసిన రోజున ఆయమ్మ ఆ మంచం కింద ఇసుక ఊడ్చాల్సి వచ్చేది. ఐదో మంచం ఆమె అడవి చూస్తే దిండు గలీబులో ఎండుటాకులు తేలేవి. ఒకసారి మంచినీళ్ల జగ్గులో వేలెడంత చేప దొరికింది. "చూసేది వాళ్లూ, ఎత్తిపోసేది నేనూ," అని ఆయమ్మ గొణుక్కునేది. పెద్ద సిస్టర్ గోడకి ఒక కాగితం అంటించింది. కుట్లు ఉన్నవాళ్లు వాన చూడరాదు. జలపాతం ఎవరూ చూడరాదు. అంతకు మించి ఆ విషయం గురించి ఎవరూ మాట్లాడుకోలేదు. ఆసుపత్రిలో పట్టించుకోవాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి.

మూడో మంచం కండక్టరమ్మది. యాభై రెండేళ్ల మనిషి. పద్నాలుగో నంబరు బస్సులో ఇరవై రెండేళ్లుగా కండక్టరు. కిక్కిరిసిన బస్సులో ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఎవరి కాలూ తొక్కకుండా వెళ్లగలదు. జేబుదొంగని చొక్కా పట్టుకుని కిందికి దింపిన సందర్భాలున్నాయి. తాగి పేచీ పెట్టేవాళ్లు ఆమె ఒక్క చూపుకి సర్దుకుని కూర్చునేవాళ్లు. అలాంటి మనిషి ఆపరేషన్ థియేటర్ గుమ్మం దాకా రెండుసార్లు వెళ్లి, రెండుసార్లూ వెనక్కి వచ్చేసింది.

ఆమె గుండెలో ఒక కవాటం పాడైంది. మార్చాలి. మొదటిసారి స్ట్రెచర్ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి నాడి నూట అరవై దాటింది, బీపీ ఎక్కడికో పోయింది. మత్తు డాక్టరు తల అడ్డంగా ఊపాడు. వారం తర్వాత ముందుగానే మాత్రలిచ్చి తీసుకెళ్లారు. మళ్లీ అదే తంతు. మర్నాడు గుండె డాక్టరు మంచం పక్కన నిలబడి చెప్పాడు.

"అమ్మా, ఆ కవాటం ఎక్కువ రోజులు ఆగదు. వచ్చే గురువారం కాదు, ఆపై గురువారం మళ్లీ పెడుతున్నాను. ఆ రోజూ ఇలాగే అయితే నేను కోయలేను. కోయకపోతే మీరు మిగలరు. ఉన్నమాట చెప్తున్నాను."

"నాకు చావంటే భయం లేదు డాక్టరుగారూ," అంది కండక్టరమ్మ.

"మరి దేనికి భయం?"

ఆమె దుప్పటి మెడదాకా లాక్కుంది. డాక్టరు వెళ్లాక, ట్యాబు సిస్టర్ కాగితాల అట్ట పక్కన పెట్టి మంచం అంచున కూర్చున్నప్పుడు మాత్రం చెప్పింది.

"వెల్లకిలా పడుకోబెట్టి తల వెనక నుంచి తోస్తారమ్మా. తోసే మనిషి కనపడడు. పైన లైట్లు పోతుంటాయి తప్ప దారి కనపడదు. ఏ మలుపు ఎప్పుడొస్తుందో, ఏ గుమ్మం ఎక్కడుందో తెలీదు. ఇన్నేళ్లలో నేను ఏ మలుపు దగ్గరా కమ్మీ పట్టుకోలేదు, తెలుసా? ముందే తెలుస్తుంది కాబట్టి. ఇక్కడ నాకేమీ తెలీదు. నన్నెవరో ఎక్కడికో మోసుకుపోతున్నారు. అంతే, గుండె నోట్లోకి వచ్చేస్తుంది."

సిస్టర్ ఆమెకి సముద్రం పెట్టి చూసింది. కండక్టరమ్మ పది నిమిషాలు చూసి ట్యాబు తిరిగి ఇచ్చేసింది. "ఎక్కేవాళ్లు లేరు, దిగేవాళ్లు లేరు. ఊరికే వస్తుంది, ఊరికే పోతుంది. దీన్ని చూస్తే నాకు ఇంకా కంగారు." అడవి పెడితే అందులో దారి లేదంది. పియానోకి ఆవలించింది.

ఆ ఆదివారం పద్నాలుగో నంబరు డ్రైవరు పరామర్శకి వచ్చాడు. ఆమె కంటే పదేళ్లు చిన్న, అక్కా అని పిలుస్తాడు. కాసేపు కూర్చుని, కొత్త కండక్టరుకి నోట్లోంచి మాట రావడం లేదని, బస్సులో జనం వాడి నెత్తినెక్కి తొక్కుతున్నారని చెప్పి ఆమెని నవ్వించాడు. బయటికొస్తుంటే ట్యాబు సిస్టర్ వరండాలో ఆపింది. ఒక సాయం అడిగింది.

మంగళవారం అతను ఫోను బస్సు అద్దానికి బిగించి, డిపో నుంచి నూలు మిల్లు దాకా పూర్తి ట్రిప్పు తీశాడు. గంటా యాభై నిమిషాలు. అది సిస్టర్ చేతికి ఇస్తూ, "అద్దం తుడిచి మరీ తీశానండీ. దానిమీద మరక కనపడితే అక్క నన్ను బతకనివ్వదు," అన్నాడు.

బుధవారం మధ్యాహ్నం రెండింటికి, అన్నాలు అయ్యాక, సిస్టర్ దాన్ని ట్యాబులో పెట్టి కండక్టరమ్మ ఒళ్లో ఆనించింది. తీగలు చెవుల్లో పెట్టబోతే ఆమె వద్దంది. ఇంజను చప్పుడు గాల్లోనే వినాలంది.

బస్సు డిపో గేటు దాటింది. మూడో మంచం సన్నగా వణకడం మొదలెట్టింది. కిటికీ తెరలు లోపలికి ఎగిరాయి. డీజిలు వాసన, ఎండకి కాగిన తారు వాసన వార్డంతా పరుచుకున్నాయి. మొదటి మలుపుకి సెలైను స్టాండ్లన్నీ ఒక్కసారి ఎడమకి ఒరిగి మళ్లీ నిలబడ్డాయి. రెండో మంచం ముసలామె మంచం కమ్మీ పట్టుకుని, "నెమ్మది నాయనా," అంది డ్రైవరుతో.

స్టాపు వచ్చినప్పుడల్లా బస్సు ఆగేది. ఆగినప్పుడల్లా వార్డు తలుపు దానంతటదే తెరుచుకునేది. తలుపు అవతల వరండా ఉండేది కాదు. ఆ స్టాపే ఉండేది. పాత మార్కెట్ దగ్గర ఉల్లిపాయల గోనెలు, కోర్టు దగ్గర నల్లకోట్లు, రైలు గేటు దగ్గర ఆగిన సైకిళ్లు. ట్యాబులో కొత్త కండక్టరు గొంతు పీలగా "రైట్" అనేది, తలుపు మూసుకునేది.

"వెనక టైర్లో గాలి తక్కువుంది," అంది కండక్టరమ్మ కళ్లు మూసుకునే. సిస్టర్ ఆమె వేలికి తగిలించిన మీటరు చూసింది. నాడి డెబ్భై ఎనిమిది.

అప్పట్నుంచి రోజూ రెండింటికి బస్సు. వార్డులో ఆ వేళకి అందరూ తయారయ్యేవాళ్లు. నీళ్ల గ్లాసులు నేల మీదికి దించుకునేవాళ్లు. ఐదో మంచం ఆమెకి కోర్టు మలుపులో కడుపులో తిప్పేది, ఒక కవరు దగ్గర పెట్టుకునేది. దుమ్ము ఎక్కువవుతోందని మొదట్లో సణిగిన ఆయమ్మ నాలుగో రోజు నుంచి డ్యూటీ దిగాక బట్టలు మార్చుకొచ్చి నిలబడి, రైలు గేటు దగ్గర దిగిపోవడం మొదలెట్టింది. అక్కణ్నుంచి వాళ్లిల్లు నాలుగడుగులు. లేకపోతే రెండు బస్సులు మారాలి. కండక్టరమ్మ కూడా కొత్త కండక్టరు కంటే ముందే స్టాపుల పేర్లు పిలిచేది. "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అనేది అలవాటుగా. జరగడానికి ఎవరూ లేకపోయినా ఎవరూ నవ్వేవాళ్లు కాదు.

నవ్వని వాళ్లలో ఆరో మంచం ఆమె కూడా ఉంది. అయితే ఆమె ఏదీ చేసేది కాదు, నవ్వడం ఒక్కటే కాదు. ముప్పై రెండేళ్లు ఉంటాయి. పెద్ద పిల్లలకి లెక్కలు చెప్పేది. లెక్కల టీచరు అనేవాళ్లు. ఆమె గోడవైపు తిరిగి పడుకుని మూడు నెలలు దాటింది. కాన్పయిన పదకొండో రోజున ఊపిరాడక, చంకలో పసిపిల్ల ఉండగానే కూలిపోయింది. పిల్ల మంచం మీద పడింది కాబట్టి దెబ్బ తగల్లేదు. టీచరు నేల మీద పడింది. కాన్పు తర్వాత కొందరికి గుండె నీరసించిపోతుందని, మందులతో కుదురుకుంటుందని డాక్టర్లు చెప్పారు. అన్నట్టే గుండె కుదురుకుంది. మనిషి కుదురుకోలేదు.

ట్యాబు సిస్టర్ రోజూ అడిగేది. "సున్నా నుంచి పది లోపల, టీచరుగారూ." జవాబు వచ్చేది కాదు. సిస్టర్ ఆ గడిలో చిన్న గీత గీసేది. ట్యాబు ఇస్తే టీచరు దాన్ని బోర్లించి దుప్పటి మీద పెట్టేది.

సాయంత్రం నాలుగింటికి భర్త వచ్చేవాడు. కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని అతనిది. చేతి వేళ్లకి ఎప్పుడూ సన్నని తెల్లటి పొడి అంటుకుని ఉండేది. ఫోనులో పిల్ల బొమ్మ చూపించి, "ఇదిగో, ఇవాళ బోర్లా పడింది చూడు," అనేవాడు. ఆమె కళ్లు మూసుకునేది. పిల్లని తీసుకొస్తానంటే మాత్రం నోరు విప్పేది. "తేవద్దు. నా చేతుల్లో పెట్టొద్దు." అంతే. మళ్లీ గోడ. అతను ఇంకో అరగంట కూర్చుని, ఆమె పాదాల మీద దుప్పటి సరిచేసి వెళ్లిపోయేవాడు. ఇంట్లో అతని తల్లి పిల్లని చూసుకుంటోంది.

ఆపరేషన్‌కి రెండు రోజుల ముందు కండక్టరమ్మ ఒక సంగతి గమనించింది. కోర్టు మలుపుకి వార్డంతా ఒరిగాక మంచాలు పట్టుకుంటారు. ఆరో మంచం ఆమె ఒరగకముందే పట్టుకుంటోంది. గోడవైపు తిరిగి ఉన్నా, ట్యాబు కనపడకపోయినా, చెయ్యి మలుపు కంటే ఒక్క క్షణం ముందు కమ్మీ మీదికి వెళ్తోంది. రైలు గేటు గతుకుల దగ్గర ముందే ఒళ్లు బిగిస్తోంది.

"టీచరమ్మా, మీరు నా బస్సులో మనిషే," అంది కండక్టరమ్మ. "ఏ స్టాపు?"

బస్సు రైలు గేటు దాటి, చింతచెట్ల రోడ్డు మీద వేగం అందుకుంది. కుడివైపు ఎత్తుగా సిమెంటు ట్యాంకు ఒకటి కనపడి, దగ్గరై, వెనక్కి వెళ్లిపోయింది. టీచరు గోడవైపు నుంచి తల కొంచెం ఎత్తి, మళ్లీ దించేసింది.

"నీళ్ల ట్యాంకా?"

"ఊఁ," అంది టీచరు.

"ఆ రోజు అక్కడ ఆగలేదమ్మా. దిగేవాళ్లు ఎవరూ లేరు, స్టాపులో ఎక్కేవాళ్లూ లేరు. మావాడు లాగించేశాడు," అంది కండక్టరమ్మ, తప్పు తనదే అన్నట్టు.

గురువారం వచ్చింది. స్ట్రెచర్ తోసే పెద్దాయన ఎనిమిదింటికే వచ్చి నిలబడ్డాడు. ట్యాబు సిస్టర్ ఒక ఏర్పాటు చేసింది. ట్యాబుని రెండు చేతులతో కండక్టరమ్మ ముఖానికి ఎదురుగా ఎత్తిపట్టుకుని, స్ట్రెచర్ పక్కనే వెనక్కి నడవడం. పెద్ద సిస్టర్ చూసి, "పడతావు," అంది. "పడనండీ, ఆవిడ చెప్తారు," అంది సిస్టర్.

నిజంగానే కండక్టరమ్మ చెప్పింది. డిపో గేటు దాటగానే వార్డు గుమ్మం దాటారు. "ఇప్పుడు కుడికి," అంది, స్ట్రెచర్ వరండా మూలకి చేరేసరికి. పెద్దాయన కుడికి తిప్పాడు. పాత మార్కెట్ దగ్గర లిఫ్టు ఆగింది, తలుపు తెరుచుకుంది. కోర్టు మలుపు దగ్గర రెండో అంతస్తు వరండా వంపు తిరిగింది. ఈ దారిలో ఇంకా ఎన్ని మలుపులున్నాయో ఆమెకి తెలుసు. థియేటర్ గుమ్మం దగ్గర ఆగినప్పుడు నాడి ఎనభై నాలుగు. మత్తు డాక్టరు రెండుసార్లు చూసుకుని, "లోపలికి రానివ్వండి," అన్నాడు.

"అంకెలు లెక్కపెట్టండమ్మా, వంద నుంచి వెనక్కి."

"అంకెలు నాకెందుకు? స్టాపులు చెప్తాను."

రైలు గేటు దాకా చెప్పింది. ఆ తర్వాత ఆమెకి ఏమీ తెలీదు. ఐదు గంటల తర్వాత గుండె డాక్టరు బయటికొచ్చి మెడ రుద్దుకుంటూ, అయిపోయింది, బాగానే ఉంది అని చెప్పాడు. వరండాలో డిపో వాళ్లు తొమ్మిదిమంది నిలబడి ఉన్నారు. డ్రైవరు కిటికీవైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

ఆమె ఐదు రోజులు ఐసీయూలో ఉంది. ఆ ఐదు రోజులూ వార్డులో బస్సు నడవలేదు. ఎవరూ పెట్టమనలేదు, ఆ మనిషి లేకుండా బావుండదని. మూడో రోజు మధ్యాహ్నం రెండుంపావుకి ట్యాబు సిస్టర్ ఆరో మంచం పక్క నుంచి వెళ్తుంటే గోడవైపు నుంచి మాట వినిపించింది.

"ఇవాళ కూడా బస్సు లేదా?"

సిస్టర్ ఆగిపోయింది. లేదని, ఇంకో రెండు రోజుల్లో ఉంటుందని చెప్పింది. బండి దగ్గరికెళ్లి అట్ట తీసి, టీచరు పేరు ఎదురుగా గడిలో ఏం రాయాలో తెలీక, ఆ మాటనే రాసింది.

కండక్టరమ్మ వార్డుకి తిరిగొచ్చేసరికి సగమైంది. రొమ్ము ఎముక మధ్యకి కోసి తీగలతో కుట్టారు. గొంతులో గొట్టం వేసి తీసినందువల్ల మాట గరగరలాడుతోంది. గుండె డాక్టరు ఒక గట్టి దిండు ఇచ్చి, దగ్గొచ్చినా తుమ్మొచ్చినా దాన్ని ఛాతీకి హత్తుకోమన్నాడు. ఆరు వారాల దాకా బరువులెత్తకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. "అరిచారంటే కుట్లు కదులుతాయి. మళ్లీ నా బల్ల మీదికి రావాల్సి ఉంటుంది."

"అరిచి బతికినదాన్ని డాక్టరుగారూ," అంది ఆమె గుసగుసగా.

"ఆరు వారాలు అరవకుండా బతకండి."

మళ్లీ రెండింటి బస్సు మొదలైంది. స్టాపులు పిలిచే గొంతు లేదు కానీ, ఆమె దిండు కౌగిలించుకుని పెదాలు కదిపేది. ఆరో మంచం ఆమె ఇప్పుడు రైలు గేటు దాటగానే వెల్లకిలా తిరిగేది. ట్యాంకు వెళ్లిపోయాక మళ్లీ గోడవైపు తిరిగేది.

అయితే పైన జరగాల్సినవి పైన జరుగుతూనే ఉన్నాయి. గుండె వార్డులో గుండె బాగైన మనిషిని ఎన్నాళ్లు ఉంచుతారు? మనసు డాక్టరు టీచరు భర్తని గదిలోకి పిలిచి మాట్లాడాడు. వేరే ఊళ్లో మనసు జబ్బుల ఆసుపత్రి ఉంది, అక్కడ వైద్యం బావుంటుంది, మంచి మనుషులే. కానీ ఆరు నెలలు పట్టొచ్చు. పిల్లని వారానికోసారి తీసుకెళ్లి చూపించొచ్చు. "ఇంటికి పంపితే తేలిగ్గా కోలుకుంటుందేమో అని నాకూ ఉంది. కానీ ఇంటికి వెళ్లనని ఆవిడే అంటోంది. ఇష్టం లేకుండా పంపలేను కదా." భర్త తలూపాడు. కాగితాల మీద సంతకం పెట్టాడు. సోమవారం మూడింటికి ఆ ఆసుపత్రి బండి వస్తుందన్నారు.

సోమవారం మధ్యాహ్నానికి టీచరు సంచి సర్ది ఉంది. రెండు జతల బట్టలు, దువ్వెన, మందుల చీటీలు. ఆమె ఆసుపత్రి గౌనులోనే మంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చుంది. ఎవరో కూర్చోబెట్టి వెళ్లినట్టుంది ఆ కూర్చోవడం. రెండైంది. ట్యాబు సిస్టర్ ఒక్క క్షణం ఆగి, రోజూలాగే బస్సు పెట్టింది.

డిపో గేటు. పాత మార్కెట్. ఐదో మంచం ఆమె కవరు అందుకుంది. కోర్టు మలుపులో స్టాండ్లు ఒరిగాయి. రైలు గేటు దగ్గర బస్సు ఆగితే ఆయమ్మ దిగి, తలుపు దగ్గర్నుంచి వెనక్కి చూసి, "వెళ్లొస్తా," అంది ఎవరితోనో. తలుపు మూసుకుంది. చింతచెట్లు మొదలయ్యాయి.

టీచరు కాళ్లు మంచం కింద చెప్పుల కోసం వెతికాయి.

"నేను దిగాలి," అంది.

మూడు నెలలు వాడని గొంతు. ఇంజను చప్పుడులో కలిసిపోయింది. ట్యాబులో కొత్త కండక్టరు ఏమీ అనలేదు, అతనికి ఎలా వినపడుతుంది? ట్రిప్పు తీసిన ఆ మంగళవారం ఆ స్టాపులో దిగేవాళ్లు లేరు. డ్రైవరు వేగం తగ్గించలేదు. కుడివైపు ట్యాంకు కనపడనే కనపడింది.

"దిగాలండీ," అంది టీచరు మళ్లీ. ఈసారి కండక్టరమ్మ వైపు చూసి.

కండక్టరమ్మ దిండుని రెండు చేతులతో ఛాతీకి అదిమిపట్టింది. ట్యాబు సిస్టర్ "వద్దమ్మా!" అనేలోగానే ఊపిరి పీల్చింది.

"హోల్డాన్!"

సగం గొంతే వచ్చింది. బస్సు పోతూనే ఉంది. ట్యాంకు నీడ అద్దం మీద పడింది. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. మెడ నరాలు లేచాయి.

"హోల్డాన్! దిగేవాళ్లున్నారు! ఆపు తమ్ముడూ!"

బ్రేకులు కీచుమన్నాయి. వార్డంతా ముందుకు తూలింది. సెలైను స్టాండ్లు బారెడు దూరం జారాయి, ఎవరిదో గ్లాసు దొర్లిపోయింది, ముసలామె "అమ్మో" అంది. అంతా నిలబడ్డాక తలుపు తెరుచుకుంది. అవతల ట్యాంకు స్తంభాలు, వాటి మధ్య తడి నేల, ఆ పక్కనుంచి లోపలికి పోయే సన్నని వీధి.

టీచరు మంచం దిగింది. కమ్మీ నుంచి కమ్మీకి చెయ్యి మార్చుకుంటూ తలుపు దాకా నడిచింది. గుమ్మంలో ఆగింది. కింద మెట్టు ఎత్తుగా ఉంది.

"పడిపోతే?" అంది, వెనక్కి తిరక్కుండా.

కండక్టరమ్మ ముఖం చెమటతో తడిసిపోయింది. మాట పైకి రావడం లేదు. ట్యాబు సిస్టర్ వంగి విని, గట్టిగా చెప్పింది. "తొందరేం లేదంటున్నారు. మీరు దిగేదాకా బస్సు కదలదట."

టీచరు తలుపు కమ్మీ పట్టుకుని ఒక కాలు కింద పెట్టింది. రెండో కాలు పెట్టింది. దుమ్ములో నిలబడి, గౌను సర్దుకుంది. సందులోకి తిరిగింది.

"రైట్," అంది కండక్టరమ్మ. అది వినపడాల్సినంత గట్టిగా ఎవరికీ వినపడలేదు. బస్సు మాత్రం కదిలింది.

గుండె డాక్టరు పరిగెత్తుకొచ్చి కుట్లు చూశాడు. ఒక పక్కన రెండు కుట్లు ఊడి రక్తం చిమ్మింది. ఎముక మీది తీగలు కదల్లేదు. మళ్లీ కుట్టాడు. కుడుతున్నంతసేపూ తిట్టాడు. ఆమె ఆ తిట్లన్నీ పడింది.

మూడింటికి పది నిమిషాలుందనగా టీచరు భర్త వచ్చాడు. ఖాళీ మంచం, దాని మీద సంచి చూసి, "బండి అప్పుడే వచ్చేసిందా?" అన్నాడు.

"ఇంటికెళ్లారండీ. నీళ్ల ట్యాంకు దగ్గర దిగారు," అంది ట్యాబు సిస్టర్.

అతను సంచి తీసుకున్నాడు. మళ్లీ మంచం మీద పెట్టాడు. "ఎంతసేపైంది?"

"ఇరవై నిమిషాలు కాలేదు."

అతను సంచి అక్కడే వదిలేసి పరిగెత్తాడు.

పెద్ద సిస్టర్ డిశ్చార్జి కాగితం నింపడానికి కూర్చుంది. ఎలా వెళ్లారు అన్న చోట మూడు గడులుండేవి. అంబులెన్సు, సొంత వాహనం, నడక. ఆమె పెన్ను మూత కొరుకుతూ కాసేపు చూసి, పక్కన బస్సు అని రాసి సంతకం పెట్టింది. మనసు డాక్టరు ఆ కాగితం చదివి, బండిని వెనక్కి పంపించేశాడు. టీచరు మందులు ఏడాది పాటు ఆపకూడదని, వారం వారం తనే ఇంటికొచ్చి చూస్తానని కింద చేర్చాడు. చెప్పినట్టే వెళ్లేవాడు. కొన్ని వారాలు ఆమె బాగుండేది, కొన్ని వారాలు ఉండేది కాదు. ట్యాబులో బస్సు ట్రిప్పు మాత్రం అప్పట్నుంచి గంటా యాభై ఒక్క నిమిషం నడిచేది.

ఆ సోమవారం టీచరు సందులో నడిచి వెళ్తుంటే ఎవరూ ఆపలేదు. ఆసుపత్రి గౌను, చేతికి ప్లాస్టిక్ పట్టీ. మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఒకామె చూసి, చూపు తిప్పుకుంది. ఇంటి తలుపు ఓరగా వేసి ఉంది. అత్తగారు ముందుగదిలో నిలబడి పిల్లని భుజాన వేసుకుని జోకొడుతోంది. కోడల్ని చూసి ఆమె చెయ్యి ఆగింది. కేక వేయబోయి, పిల్ల ఉలిక్కిపడుతుందని మింగేసింది.

"ఒక్కదానివే వచ్చావా?"

"బస్సులో వచ్చానత్తయ్యా."

టీచరు చెప్పులు విడిచింది. కాళ్లూ చేతులూ మోచేతుల దాకా కడుక్కుంది, చాలాసేపు. తుడుచుకొచ్చి, గది మధ్యలో నేల మీద కూర్చుంది. పీట మీద కాదు, మంచం మీద కాదు. నేల మీద, కాళ్లు మడుచుకుని. అక్కణ్నుంచి పడడానికి ఇంక చోటు లేదని చూసుకున్నాకే చేతులు చాపింది.

"ఇవ్వండి."

అత్తగారు ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత తనూ కింద కూర్చుని, నాలుగు నెలల పిల్లని ఆ ఒళ్లో పెట్టింది. పెట్టి, చేతులు వెంటనే తియ్యలేదు. పిల్ల కొత్త ముఖం చూసి, పెదవి విరిచి, ఏడుపు లంకించుకుంది. టీచరు దాన్ని వెనక్కి ఇచ్చేయలేదు.

"పాలు ఎన్నింటికి పట్టారు?"

"పన్నెండింటికి."

"అయితే ఆకలి కాదు," అంది టీచరు గోడ గడియారం చూసి. "నిద్ర."

భర్త దారంతా పరిగెత్తి, ఆటో ఎక్కి, మళ్లీ దిగి పరిగెత్తి, మూడు దాటాక వీధి మలుపు తిరిగాడు. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. ఇంట్లోంచి ఏ చప్పుడూ రావడం లేదు. తలుపు తోశాడు. అది గోడకి కొట్టుకోబోతుండగా లోపల్నుంచి చిన్నగా, విసుగ్గా ఒక గొంతు వినిపించింది.

"నెమ్మది. ఇప్పుడే పడుకుంది."